మధ్యమెట్లు: విశ్వవిద్యాలయ పాలనలోకి స్త్రీల దారి
(కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లోని ఆండర్సన్‌పేటలో చేసిన స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)

భారతదేశంలో ఉన్నత విద్య చదువుతున్న 4.33 కోట్లమందిలో 2.07 కోట్లమంది ఆడపిల్లలు. 2021–22 సంవత్సరానికి కేంద్ర విద్యాశాఖ ప్రకటించిన అఖిల భారత ఉన్నత విద్యా సర్వే లెక్క ఇది. పాఠాలు చెప్పేవారు దాదాపు 16 లక్షలమంది ఉంటే వారిలో స్త్రీలు నూటికి 43 మంది. బెంచీల మీద సగం, నల్లబల్ల దగ్గర సగానికి కొంచెం తక్కువ. ఈ వరుసలోనే పైకి పోతే సిండికేట్ సమావేశంలోనూ, రిజిస్ట్రారు కార్యాలయంలోనూ, ఉపకులపతి గదిలోనూ నూటికి నలభైమంది స్త్రీలు కనిపించాలి. కనిపించరు. చదువులో సరితూగిన లెక్క పాలన దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ తెగిపోతున్నదన్నది ఈ ఉపన్యాస విషయం.

విశ్వవిద్యాలయ నాయకత్వం అనగానే అందరి చూపూ ఉపకులపతి కుర్చీ మీదికి పోతుంది. కానీ అధికారం అనేక బల్లల మీద పరచుకుని ఉంటుంది. కర్ణాటకలోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పరిపాలనకు ఒక రిజిస్ట్రారు, మూల్యాంకనానికి ఇంకొక రిజిస్ట్రారు ఉంటారు. డబ్బు లెక్కలకు ఫైనాన్స్ ఆఫీసరు. ఒక్కొక్క శాస్త్ర సముదాయానికి ఒక డీన్. పెద్ద నిర్ణయాలకు సిండికేట్, పాఠ్యప్రణాళికలకు అకడమిక్ కౌన్సిల్. ఏ కళాశాలకు అనుబంధం ఇవ్వాలి, ఏ పరీక్ష ఎప్పుడు జరగాలి, ఏ భవనం ముందు కట్టాలి అన్న నిర్ణయాలు ఈ బల్లల మీద జరుగుతాయి. రేపటి ఉపకులపతులు తయారయ్యేదీ ఇక్కడే. స్త్రీల దారిలోని అడ్డంకులు కూడా చాలావరకు ఈ మధ్యమెట్ల మీదనే ఉన్నాయి. పైమెట్టు మీద ఎవరున్నారని లెక్కపెట్టడం తేలిక, అందుకే అందరూ అదే లెక్కపెడతారు.

ఆ పదవి పేరులోనే ఒక పాత ఊహ దాగి ఉంది. తెలుగులో 'ఉపకులపతి' అంటారు. కోలారు జిల్లాలో రోజూ చెవిన పడే కన్నడంలో అదే పదవి 'కులపతి', గవర్నరు 'కులాధిపతి', రిజిస్ట్రారు 'కులసచివ'. పదివేలమంది శిష్యులకు అన్నం పెట్టి చదువు చెప్పే ఋషిని కులపతి అన్నారు. ఆ మాట పుట్టిననాడు ఆ స్థానంలో స్త్రీని ఎవరూ ఊహించలేదు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2024లో 'కులపతి' బదులు 'కులగురు' అనాలని నిర్ణయించింది. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం 2025లో అదే మార్పు చేసింది. మాట మారితే నియామకాలు వాటంతట అవి మారిపోవు. అయినా దరఖాస్తు పెట్టే స్త్రీకి ఆ పేరులో చోటుండడం చిన్న విషయం కాదు.

కోలారు జిల్లాలో ఈ విషయానికి రెండు ఉదాహరణలు పక్కపక్కనే ఉన్నాయి. బెంగళూరు విశ్వవిద్యాలయం 1964లో ఏర్పడింది. దానిని విడదీసినప్పుడు 2017లో బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం కోలారు కేంద్రంగా పని మొదలుపెట్టింది. కె.జి.ఎఫ్., బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం కళాశాలల్లో చదివే పిల్లల డిగ్రీల మీద ఇప్పుడు ఉండేది ఆ పేరే. మొదటి ఉపకులపతి టి.డి. కెంపరాజు, రెండవవారు నిరంజన వానళ్ళి, ఇద్దరూ పురుషులే. అదే కోలారు పొలిమేరల్లో, టమకలో, శ్రీ దేవరాజ అరసు ఉన్నత విద్యా పరిశోధనా సంస్థ ఉంది. 1986లో వైద్యకళాశాలగా మొదలై 2007లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. ఆ సంస్థకు ఈ దశాబ్దంలో ఉపకులపతిగా వచ్చినవారు డాక్టర్ బి. వెంగమ్మ. నాడీవైద్య నిపుణురాలు, తెలుగువారు, తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు అంతకుముందు డైరెక్టరుగా పనిచేసినవారు.

ఈ రెండో ఉదాహరణను కొంచెం నిలిచి చూడాలి. వెంగమ్మ కోలారుకు వచ్చేనాటికే ఒక పెద్ద ఆసుపత్రినీ, దానికి అనుబంధమైన కళాశాలలనూ నడిపిన అనుభవం ఆమె చేతిలో ఉంది. తిరుపతిలో స్త్రీల కోసమే పద్మావతి వైద్యకళాశాల 2014లో మొదలైంది ఆ సంస్థ ఆవరణలోనే. అంటే ఆమె పైమెట్టుకు ఒక్క గంతులో చేరలేదు. మధ్యమెట్టు మీద ఏళ్ల తరబడి నిలబడే అవకాశం దొరికింది. వైద్యరంగంలో స్త్రీ విభాగాధిపతిగా, సూపరింటెండెంటుగా, డైరెక్టరుగా కనిపించడం తెలుగునేల మీద కొత్త కాదు. భౌతికశాస్త్రంలోనో, వాణిజ్యశాస్త్రంలోనో, ఇంజనీరింగులోనో అంత సహజంగా కనిపించదు. ఒక రంగంలో దారి పడితే ఆ రంగంవారే మరో చోట కూడా పైకి రాగలుగుతారని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఈ దారి ఎంత పాతదో చూస్తే అడ్డంకి స్వభావం కొంత తెలుస్తుంది. కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బసు 1883లో పట్టభద్రులయ్యారు. ఆక్స్‌ఫర్డ్ స్త్రీలకు డిగ్రీ ఇచ్చింది 1920లో, కేంబ్రిడ్జ్ పూర్తి డిగ్రీ ఇచ్చింది 1948లో. తలుపు తెరవడంలో భారతదేశం వెనుకబడలేదు. వెనుకబడింది తలుపు దాటిన తరువాత. 1933లో కమలా భగవత్, తరువాతి కాలంలో కమలా సొహోనీగా పేరుపడినవారు, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో పరిశోధనకు దరఖాస్తు పెట్టారు. స్త్రీ అన్న కారణంతో అప్పటి డైరెక్టరు సి.వి. రామన్ నిరాకరించారు. ఆమె పట్టుబట్టిన మీదట షరతుల మీద, మొదటి ఏడాది పరీక్షాకాలంగా చేర్చుకున్నారు. అదే సంస్థలో తరువాత రాజేశ్వరీ చటర్జీ తొలి మహిళా ఇంజనీరింగు అధ్యాపకురాలై, విద్యుత్ సమాచార ఇంజనీరింగు విభాగానికి అధిపతి అయ్యారు. దారి అంతవరకు వచ్చింది. 1909లో పుట్టిన ఆ సంస్థకు డైరెక్టర్లు అయినవారిలో ఒక్క స్త్రీ పేరూ లేదు. కోలారు నుంచి రైలెక్కితే రెండు మూడు గంటల్లో చేరే చోట, దేశంలోనే పేరెన్నికగన్న విజ్ఞానకేంద్రంలో, నూరేళ్లకు పైబడిన లెక్క ఇది.

స్వతంత్రం వచ్చిన తొలి రోజుల్లో మరో రకం వాగ్దానం కనిపించింది. 1949లో హంసా మెహతా బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. ఆడామగా కలిసి చదివే విశ్వవిద్యాలయానికి ఆ పదవిలోకి వచ్చిన తొలి భారతీయ మహిళ ఆమె. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనలో 'పురుషులందరూ' అన్న అర్థం వచ్చే మాటను 'మానవులందరూ' అని మార్పించినవారూ ఆమే. అదే సమయంలో, 1948–49లో, దేశంలోని విశ్వవిద్యాలయాల భవిష్యత్తును నిర్ణయించడానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘంలో పదిమంది సభ్యులు, పదిమందీ పురుషులు. ఆ నివేదికలో స్త్రీల విద్య గురించి ఒక ప్రత్యేక అధ్యాయం ఉంది. స్త్రీల గురించి ఆలోచించవలసిన విషయం ఉందని అందరికీ తెలుసు. ఆ ఆలోచన చేసే బల్ల దగ్గర వారికి కుర్చీ వెయ్యాలన్నది మాత్రం తట్టలేదు. పదేళ్ల తరువాత, 1958లో, స్త్రీ విద్య మీద జాతీయ సంఘం ఏర్పడినప్పుడు రాజమండ్రికి చెందిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షత వహించారు. స్త్రీ విద్య అయితే స్త్రీకి, మొత్తం విద్య అయితే పురుషుడికి అన్న పంపకం అక్కడే స్థిరపడింది. అది ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ పంపకానికి అన్నిటికంటే పెద్ద రూపం మహిళా విశ్వవిద్యాలయం. తిరుపతిలో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం 1983లో ఏర్పడింది. విజయపురలో కర్ణాటక రాష్ట్ర మహిళా విశ్వవిద్యాలయం 2003లో మొదలై 2017లో అక్కమహాదేవి పేరు తెచ్చుకుంది. హైదరాబాదు కోఠీ మహిళా కళాశాల 1924 నాటిది. 2022లో విశ్వవిద్యాలయమై, తరువాత వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. ఈ సంస్థల మేలు మాటల్లో చెప్పలేనిది. బయటి ఊరికి పంపడానికి ఒప్పుకోని ఇళ్ల నుంచి ఎందరో ఆడపిల్లలు అక్కడే పీజీలు చేశారు, పీహెచ్‌డీలు చేశారు. పాలనలో తర్ఫీదు పొందిన స్త్రీలు కూడా అక్కణ్ణించే వచ్చారు. విజయపురలో గీతా బాలి, మీనా చందావర్కర్, సబిహా భూమిగౌడ, తిరుపతిలో రత్నకుమారి, దుర్గాభవాని, జమున ఉపకులపతులుగా పనిచేశారు.

అయితే ఆ మేలుకు మరో వైపు ఉంది. మహిళా విశ్వవిద్యాలయానికి ఒక స్త్రీని నియమించగానే ప్రభుత్వం తన బాధ్యత తీరిందనుకుంటుంది. మిగిలిన పది, పదిహేను విశ్వవిద్యాలయాల ఫైళ్లు పక్కన పెట్టుకుని కూర్చున్నప్పుడు స్త్రీ పేరు గుర్తుకు రావలసిన అవసరం ఉండదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టింది. ఉస్మానియా అంతకు ముందే, 1918లో ఏర్పడింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1922 నాటిది. ఈ మూడింటి పూర్తికాలపు ఉపకులపతుల వరుసలో ఒక్క స్త్రీ లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఒకేసారి తొమ్మిది విశ్వవిద్యాలయాలకు ఉపకులపతులను నియమించింది; తొమ్మిదిమందీ పురుషులే. తొమ్మిది ఖాళీలు ఒకే రోజున ముందుకు వచ్చిన సందర్భం అరుదు, అందుకే ఆ జాబితా మనసుకు ఎక్కువ కష్టం కలిగిస్తుంది.

దారి పూర్తిగా మూసుకుపోయిందని కాదు. మైసూరు విశ్వవిద్యాలయానికి 1980ల చివరలో సెల్వి దాస్ ఉపకులపతి అయ్యారు. పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయాన్ని ఆవుల మంజులత నడిపారు. హంపి కన్నడ విశ్వవిద్యాలయానికి మల్లికా ఘంటి, హైదరాబాదు ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికి సునైనా సింగ్ వచ్చారు. 2025లో రాజమహేంద్రవరం ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి ప్రసన్నశ్రీ నియమితులయ్యారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇంగ్లిషు ఆచార్యురాలు, లిపి లేని గిరిజన భాషలకు అక్షరాలు కూర్చినవారు, స్వయంగా గిరిజన సమాజం నుంచి వచ్చినవారు. దుర్గాబాయి పుట్టిన ఊరికి ఆమె ఉపకులపతిగా రావడం తెలుగువారు గుర్తుపెట్టుకోదగ్గ సంగతి. ఈ పేర్లను కలిపి చూస్తే ఒక పోలిక తోస్తుంది. భాష, సాహిత్యం, స్త్రీ విద్య, వైద్యం – స్త్రీకి 'తగినవి' అని సమాజం ముందే ఒప్పుకున్న రంగాల నుంచే ఎక్కువమంది వచ్చారు.

దీనికి కారణం వెతికేవారికి కె.జి.ఎఫ్. గనుల చరిత్రలో ఒక పాఠం ఉంది. 1952 గనుల చట్టం 46వ సెక్షను స్త్రీని భూగర్భంలో ఏ పనికీ పెట్టకూడదన్నది. భూమిపైన కూడా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు వరకే. రక్షణ కోసం చేసిన నిబంధన అది. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ గనుల్లో మేట్, ఫోర్‌మన్, మేనేజరు సర్టిఫికెట్లకు గనిలో పనిచేసిన అనుభవం చూపించాలి. షాఫ్టులో దిగనివారికి అనుభవం లేదు, అనుభవం లేనివారికి సర్టిఫికెట్టు లేదు, సర్టిఫికెట్టు లేనివారికి అధికారం లేదు. స్త్రీ మేనేజరు కాకూడదని చట్టంలో ఏ వాక్యమూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయిన చాంపియన్ రీఫ్‌లో కేజ్ ఎక్కి దిగడం పురుషులకే మిగిలింది. కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో సాంకేతిక, పర్యవేక్షక, యాజమాన్య పనులకు స్త్రీలను పగటిపూట భూగర్భంలోకి అనుమతించింది. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అనుమతి వచ్చేనాటికి పద్దెనిమిదేళ్లుగా షాఫ్టులు నీటితో నిండి ఉన్నాయి.

విశ్వవిద్యాలయంలోనూ ఇదే జరుగుతున్నది. చట్టానికి బదులు అలవాటు ఆ పని చేస్తున్నది. ఉపకులపతి పదవికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనలు పెట్టిన ముఖ్యమైన అర్హత, విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా పదేళ్ల అనుభవం, లేదా పేరున్న పరిశోధనా సంస్థలోనో విద్యాపాలనా సంస్థలోనో పదేళ్ల అనుభవం. చూడడానికి ఆడామగా తేడా లేని నిబంధన. దీన్ని వయసుతో కలిపి లెక్కవేస్తే తేడా బయటపడుతుంది. పీహెచ్‌డీ ఉన్న సహాయ ఆచార్యులు మొదటి మెట్టు దాటడానికి నాలుగేళ్లు, రెండో మెట్టుకు అయిదేళ్లు, అసోసియేట్ కావడానికి మూడేళ్లు, ప్రొఫెసరు కావడానికి మరో మూడేళ్లు – మొత్తం కనీసం పదిహేనేళ్లు. ముప్పై ఏళ్ల వయసులో ఉద్యోగంలో చేరి, ఒక్క రోజు కూడా ఆలస్యం కాకుండా ప్రతి మెట్టూ ఎక్కినవారు నలభై అయిదో ఏట ప్రొఫెసరు అవుతారు, యాభై అయిదో ఏట అర్హులవుతారు. కర్ణాటకలో ఉపకులపతికి వయోపరిమితి అరవై ఏడు. ఈ లెక్కలో ఆలస్యానికి చోటు చాలా తక్కువ.

ఆలస్యం ఎవరికి వస్తుందో చెప్పనక్కర్లేదు. పెళ్లయి ఊరు మారడం, మొదటి కాన్పు, రెండో కాన్పు, అత్తమామల జబ్బు, పిల్లల పదో తరగతి – ఇవన్నీ ఇరవై ఎనిమిది నుంచి నలభై రెండేళ్ల మధ్యనే పడతాయి. పరిశోధన పండవలసిన కాలమూ అదే. నిబంధనలు దీన్ని కొంత గుర్తించాయి: 180 రోజుల ప్రసూతి సెలవు, సర్వీసు మొత్తానికి రెండేళ్ల శిశుసంరక్షణ సెలవు, పీహెచ్‌డీ చేసే స్త్రీలకు రెండేళ్ల అదనపు గడువు, 240 రోజుల ప్రసూతి సెలవు ఉన్నాయి. ఇవి పోరాడి తెచ్చుకున్న హక్కులు, వాటి విలువ పెద్దది. కానీ సెలవులో ఉన్న ఏడాది ప్రయోగశాల ఆగిపోతుంది, ప్రాజెక్టు ఇంకొకరి పేరు మీదికి పోతుంది, పీహెచ్‌డీ విద్యార్థులను మరొకరికి పంచుతారు. ప్రొఫెసరు పదవికి నేరుగా దరఖాస్తు పెట్టేవారికి కనీసం పది ప్రచురణలు, 120 పరిశోధనా మార్కులు కావాలి. సెలవు మంజూరు చేసిన కార్యాలయమే మార్కుల పట్టిక దగ్గర ఆ సెలవును మరిచిపోతుంది.

అంతకంటే పెద్ద గండి మరొకటి ఉంది. దాని గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. కోలారు జిల్లాలో ఉన్నత విద్యలో పాఠం చెప్పే స్త్రీలలో ఎక్కువమంది డిగ్రీ కళాశాలల్లో ఉన్నారు. విశ్వవిద్యాలయ విభాగాల్లో ఉన్నవారు కొద్దిమంది. ప్రభుత్వ ప్రథమ దర్జా కళాశాలల్లో పాఠాలు అతిథి ఉపన్యాసకుల భుజాల మీద నడుస్తున్నాయి. కర్ణాటకలో వారు వేల సంఖ్యలో ఉన్నారు. ఏడాదికేడాది పునరుద్ధరణ, సెలవుల్లో జీతం లేకపోవడం, పదేళ్లు పనిచేసినా సర్వీసులోకి చేరని కాలం. 'విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా పదేళ్లు' అన్న వాక్యం వీరిని మొదటి రోజునే పక్కన పెట్టేస్తుంది. మూడు వందలమంది ఆడపిల్లలున్న కళాశాలను ప్రిన్సిపాలుగా నడిపిన స్త్రీకి బడ్జెట్టు తెలుసు, సమ్మె తెలుసు, పోలీసుస్టేషను తెలుసు, తాగునీరు రాని రోజున హాస్టలు ఎలా నడపాలో తెలుసు. పాలన అంటే అదే. అర్హత పట్టికలో దానికి గడి లేదు.

విశ్వవిద్యాలయం లోపలికి వెళ్లిన స్త్రీకి దొరికే పనులు చూస్తే మధ్యమెట్ల సంగతి ఇంకా స్పష్టమవుతుంది. మహిళా హాస్టలు వార్డెన్, లైంగిక వేధింపుల నివారణ అంతర్గత సంఘం, సాంస్కృతిక సంఘం, జాతీయ సేవా పథకం, స్నాతకోత్సవంలో అతిథుల ఏర్పాట్లు. విద్యాసంస్థల నాణ్యతను తనిఖీ చేసే న్యాక్ బృందం వచ్చే ఏడాది అయితే రాత్రింబవళ్లు ఫైళ్లు తయారుచేసే నాణ్యతా సంఘం. ఇవన్నీ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టే పనులే. వేధింపుల సంఘంలో ఒక ఫిర్యాదును న్యాయంగా తేల్చడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. అయితే పరీక్షల మూల్యాంకనం, కొనుగోళ్లు, భవనాల పనులు, కళాశాలల అనుబంధ తనిఖీ – ఇవి తరచుగా పురుషుల చేతుల్లో ఉంటాయి. ఉపకులపతి పదవికి వచ్చిన అభ్యర్థిని అడిగే ప్రశ్నలు ఈ రెండో వరుస పనుల గురించే. హాస్టలులో నాలుగు వందలమంది ఆడపిల్లల క్షేమం చూసినవారిని 'పరిపాలన అనుభవం తక్కువ' అని పక్కకు నెట్టడానికి ఏ సంఘానికీ అభ్యంతరం ఉండదు.

ఎంపిక జరిగే తీరు మరో సంగతి. కర్ణాటక రాష్ట్ర విశ్వవిద్యాలయాల చట్టం 2000 ప్రకారం అన్వేషణ సంఘంలో నలుగురు: గవర్నరు ప్రతినిధి, యూజీసీ ప్రతినిధి, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి, సిండికేట్ ప్రతినిధి. వారు ముగ్గురి పేర్లు అక్షరక్రమంలో పంపాలి. ప్రతిభ, సమానత్వం, సామాజిక న్యాయం దృష్టిలో పెట్టుకుని, ప్రభుత్వ సమ్మతితో గవర్నరు ఒకరిని నియమించాలి. మాటలు గొప్పవి. వాటిని పాటించారో లేదో చూపించే లెక్క మాత్రం ఎక్కడా లేదు. యూజీసీ 2018 నిబంధనల్లో ఒక విచిత్రం ఉంది. సహాయ ఆచార్యుల ఎంపిక సంఘంలో, స్త్రీ అభ్యర్థులు ఉన్నప్పుడు, స్త్రీలు సహా వెనుకబడిన వర్గాల నుంచి ఒక విద్యావేత్త ఉండాలన్న నియమం పెట్టారు. ఉపకులపతి అన్వేషణ సంఘానికి వచ్చేసరికి ఆ నియమం లేదు. ఉన్నత విద్యలో ప్రముఖులై ఉండాలి, ఆ విశ్వవిద్యాలయంతో సంబంధం ఉండకూడదు అన్నంతవరకే. కింది మెట్టుకు అవసరమైన జాగ్రత్త పైమెట్టుకు అక్కర్లేదని ఎవరు ఎందుకు అనుకున్నారో అర్థం కాదు. యూజీసీ పీఠం సంగతీ అంతే. మాధురీ షా 1980లలో, ఆర్మైటీ దేశాయ్ 1990లలో అధ్యక్షులయ్యారు. ఆ తరువాత పాతికేళ్లలో స్త్రీ అధ్యక్షురాలు లేరు.

అన్వేషణ సంఘం కూర్చునే ముందే పేర్లు తిరగడం మొదలవుతుంది. ఎవరు ఏ కులం, ఏ జిల్లా, ఏ మంత్రికి తెలిసినవారు, ఏ పాత ఉపకులపతి శిష్యులు అన్న మాటలు ఫోన్లలో నడుస్తాయి. ఆ మాటలు నడిచే చోట్లు – క్లబ్బు, అతిథి గృహం, రాత్రి విందు, బెంగళూరు నుంచి తిరిగివచ్చే కారు – స్త్రీకి అందుబాటులో ఉండవు. వెళ్తే ఒక మాట, వెళ్లకపోతే ఇంకో మాట. కులాల సమీకరణలో ప్రతి సమూహమూ తన వంతు పేరు ఇస్తుంది, ఆ పేరు ఎప్పుడూ పురుషుడిదే అవుతుంది. దళిత స్త్రీకి ఈ రెండు తలుపులూ మూసి ఉంటాయి. దళితులు పెద్దసంఖ్యలో ఉన్న కె.జి.ఎఫ్. వంటి చోట ఈ మాటను దాటవేయడం న్యాయం కాదు.

ఇంటి గడప దగ్గరి అడ్డంకిని కొందరు స్త్రీల సొంత ఇష్టంగా చూపిస్తారు. 'అవకాశం ఇచ్చాం, ఆవిడే వద్దన్నారు' అన్న మాట ప్రతి కార్యాలయంలోనూ వినిపిస్తుంది. వద్దనడం వెనుక ఏముందో చూడాలి. గనులు మూతపడిన తరువాత కె.జి.ఎఫ్. జనం బతుకు మారికుప్పం రైలుకు కట్టుబడింది. తెల్లవారకముందే బయలుదేరి, బంగారుపేట మీదుగా బెంగళూరు చేరి, రాత్రికి తిరిగివచ్చేవారు వేలమంది. వారిలో ఉపాధ్యాయినులూ ఉన్నారు. రిజిస్ట్రారు పదవి సాయంత్రం అయిదింటికి ముగిసే ఉద్యోగం కాదు. పరీక్ష ప్రశ్నపత్రం బయటపడిందన్న వార్త రాత్రి తొమ్మిదింటికి వస్తుంది. నివాసగృహం, కారు, ఇంట్లో వంటకు మనిషి ఉన్న పురుషుడికి అది పదవి. ఆండర్సన్‌పేటలో ఇల్లు, పొయ్యి మీద అన్నం, రైలు వేళలు చూసుకునే స్త్రీకి అది రెండో కాపురం. ఆమెను ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న కూడా వేరుగా ఉంటుంది: మీ ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారా? ఏ పురుష అభ్యర్థినీ ఎవరూ ఇలా అడగరు.

బయటి దేశాలకు వెళ్లిన తెలుగు స్త్రీ చరిత్ర ఈ సందర్భంలో ఉపయోగపడుతుంది. నీలి బెండపూడి విశాఖపట్నంలో పుట్టారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బీఏ, ఎంబీఏ చదివారు. 1986లో అమెరికా వెళ్లి కాన్సస్ విశ్వవిద్యాలయంలో మార్కెటింగులో పీహెచ్‌డీ చేశారు. అక్కడే 2011లో వాణిజ్య విద్యాలయానికి డీన్, 2016లో విద్యావ్యవహారాలకు అధిపతి అయిన ప్రొవోస్టు, 2018లో లూయివిల్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షురాలు, 2022లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షురాలు అయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి స్త్రీ ఆమె. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తన వందేళ్లలో ఏ స్త్రీకీ ఇవ్వని స్థాయిని దాని పట్టభద్రురాలు ఖండాల అవతల అందుకున్నారు. తెలివి ఇక్కడిదే, డిగ్రీ ఇక్కడిదే. తేడా మధ్యమెట్లలో ఉంది: డీన్, ప్రొవోస్టు అన్న రెండు మెట్లూ ఆమెకు దక్కాయి, ప్రతిసారీ ఒక సంస్థను నడిపి చూపించే సమయం దొరికింది. అమెరికాలో కూడా చిత్రం పూర్తి కాలేదు. 2023 నాటి సర్వేలో కళాశాలల, విశ్వవిద్యాలయాల అధ్యక్షుల్లో స్త్రీలు మూడోవంతు మాత్రమే. అదే తెలుగు నేపథ్యం నుంచి, మద్రాసులో స్థిరపడిన పాత్రికేయుడు ధూళిపూడి ఆంజనేయులు కుమార్తె శాంతిశ్రీ 2022లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి తొలి మహిళా ఉపకులపతి అయ్యారు. 1969లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయానికి అప్పటికి యాభై మూడేళ్లు. జామియా మిలియా ఇస్లామియాకు 2019లో నజ్మా అఖ్తర్, అలీగఢ్‌కు 2024లో నయీమా ఖాతూన్ మొదటివారు.

మార్చడానికి ఏం చేయవచ్చన్నదానికి దేశంలోనే రెండు నమూనాలు ఉన్నాయి. ఒకటి సంస్థలను లోపలి నుంచి పరిశీలించేది: కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2020లో 'గతి' పేరుతో ముప్పై సంస్థల్లో, బ్రిటన్‌లో 2005 నుంచి నడుస్తున్న అథీనా స్వాన్ పద్ధతిని చూసి, స్త్రీల నియామకం, పదోన్నతి, నాయకత్వం లెక్కలను సంస్థలే బయటపెట్టి సరిదిద్దుకునే ప్రయత్నం మొదలుపెట్టింది. రెండోది సంఖ్యతో కట్టడి చేసేది. కర్ణాటక 1987 జిల్లా పరిషత్తు ఎన్నికల్లోనే స్త్రీలకు నాలుగోవంతు స్థానాలు కేటాయించింది, ఇప్పుడు పంచాయతీల్లో సగం. మొదట్లో భర్తలు సంతకాలు పెట్టారు. తరువాత స్త్రీలే పెట్టడం నేర్చుకున్నారు. శాసనసభలో స్త్రీలకు కేటాయింపు ఇంకా అమల్లో లేకపోయినా, కె.జి.ఎఫ్. నియోజకవర్గం 2013లో వై. రామక్కను, 2018లోనూ 2023లోనూ రూపకళా శశిధర్‌ను గెలిపించింది. ఇద్దరూ రాజకీయ కుటుంబాలవారే. అయినా గని కార్మికుల ఊరు వరుసగా మూడుసార్లు స్త్రీకి ఓటు వెయ్యడానికి జంకలేదు. ఆ ఊరి పిల్లల డిగ్రీల మీద సంతకం పెట్టే సంస్థలో తొలి రెండు పూర్తికాలపు నియామకాల్లో ఉపకులపతి కుర్చీ స్త్రీకి దక్కలేదన్నది జిల్లా ఆలోచించవలసిన సంగతి.

విశ్వవిద్యాలయంలో సంఖ్యా నియమం పెట్టడం మీద ఒక అభ్యంతరం ఉంది: అర్హులైన స్త్రీలు తగినంతమంది లేకపోతే ఎలా? అభ్యంతరం నిజాయితీగలదే. కాని అది పైమెట్టుకే వర్తిస్తుంది. అన్వేషణ సంఘం నలుగురిలో ఒకరు స్త్రీ కావాలన్న నియమానికి అర్హుల కొరత లేదు. పంపే మూడు పేర్లలో కనీసం ఒక స్త్రీ పేరు ఉండాలంటే రాష్ట్రమంతా వెతకవలసి వస్తుంది. వెతకడమే ఆ సంఘం పని. ఇద్దరు రిజిస్ట్రార్లలో ఒకరు స్త్రీ కావాలనడానికీ, డీన్ పదవి సీనియారిటీ ప్రకారం వంతులవారీగా తిరిగేటప్పుడు సెలవులో గడిపిన కాలాన్ని తీసెయ్యకూడదనడానికీ కొత్త చట్టం అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వో సిండికేట్ తీర్మానమో చాలు. కళాశాల ప్రిన్సిపాలు అనుభవాన్ని విద్యాపాలన అనుభవంగా లెక్కించడానికి యూజీసీ నిబంధనలో ఒక్క వాక్యం కలిపితే కె.జి.ఎఫ్., చింతామణి, ముళబాగిలు కళాశాలల్లో పనిచేసే స్త్రీలకు దారి తెరుచుకుంటుంది. ఉపకులపతి పదవీకాలం ముగిసి ఖాళీ ఏర్పడినప్పుడు సీనియర్ డీన్‌కు తాత్కాలిక బాధ్యత ఇచ్చే ఆచారం కర్ణాటకలో ఉంది. ఆ నెలల్లో స్త్రీ డీన్ చేసిన పనిని తరువాతి ఎంపికలో అనుభవంగా రాసుకోవాలి. ఇప్పుడు పూర్తికాలపువారు రాగానే ఆమెను పాత గదికి పంపేస్తారు, ఆ నెలలు ఎక్కడా కనిపించవు.

కాలం లెక్క కూడా చూడాలి. 2026లో ముప్పై ఏళ్ల వయసులో సహాయ ఆచార్యురాలిగా చేరే స్త్రీ, ఎక్కడా ఆగకపోతే, 2041లో ప్రొఫెసరు అవుతుంది, 2051కి ఉపకులపతి పదవికి అర్హురాలవుతుంది. 2030లలో కోలారుకు ఉపకులపతులు కాగలిగే స్త్రీలు ఇప్పటికే ప్రొఫెసర్లుగానో, అసోసియేట్ ప్రొఫెసర్లుగానో ఎక్కడో పాఠం చెబుతున్నారు. వారిలో ఎవరికి ఈ ఏడాది మూల్యాంకన రిజిస్ట్రారు బాధ్యత ఇస్తారు, ఎవరిని కొనుగోళ్ల సంఘంలో వేస్తారు, ఎవరిని మరో రెండేళ్లు హాస్టలు వార్డెనుగా ఉంచుతారు అన్న ఉత్తర్వులు ఇప్పుడు, ఈ నెలల్లో, టైపు అవుతున్నాయి.